చెవి తెగిన ఐజాక్

సౌదీలో, సులైలోని ఒక గోదాము ఆవరణలో యాదగిరికి దక్కిన రాజ్యం ఒక రేకుల గది, ఒక కంప్యూటరు, తల పట్టనంత చిన్న కిటికీ. జగిత్యాల రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు దస్తావేజులు రాసే మేనమామ పక్కన కూర్చుని, ఎంతటి గొలుసుకట్టు రాతనైనా చదవడం నేర్చుకున్నాడు. నేర్చిన విద్య ఊరికే పోదంటారు. అది సౌదీలో ఒక అమెరికా ఆయన తాతముత్తాతల వీలునామాలు చదవడానికి అక్కరకొస్తుందని మాత్రం ఎవరనుకుంటారు?

ఆయన పేరు వార్డెల్. కంపెనీకి సలహాదారు, మాట మెత్తని మనిషి. వయసు మళ్ళాక పూర్వీకుల మీద ప్రేమ పుట్టుకొచ్చి, వర్జీనియా కోర్టుల్లోని పాత వీలునామాలకూ దావా కాగితాలకూ ఫొటోలు తెప్పించాడు. వాటిని చదివి వంశవృక్షం టైపు చేసే పని యాదగిరికి అప్పజెప్పాడు. బదులుగా ఒక మాటిచ్చాడు.

ఆ మాట మీదే యాదగిరి బతుకు వేలాడుతోంది. స్థానికులకు తగినన్ని ఉద్యోగాలివ్వని కంపెనీలను సర్కారు రంగులతో లెక్కగట్టే నితాఖత్‌లో కంపెనీ ఎరుపులో పడింది, అక్కడ ఉండనిచ్చే కార్డు, ఇఖామా, ఎవరికీ రెన్యూవల్ కావడం లేదు. వార్డెల్ స్నేహితుడి కంపెనీ పచ్చలో ఉంది. వంశవృక్షం పూర్తయితే యాదగిరిని అందులోకి మార్పిస్తాడు. ఇఖామా చేతికొస్తే సెలవు మీద ఊరికి పోవచ్చు. ఇప్పుడున్న ఇఖామాకు గడువు ఇంకా నాలుగు రోజులే. ఊళ్ళో కూతురు కావ్యకు నాలుగేళ్ళు నిండాయి, అతను ఫోన్లో తప్ప చూడలేదు. దిష్టి తగులుతుందని ఆ పిల్ల పేరు సౌదీలో ఎవరి దగ్గరా ఎత్తలేదు కూడా.

వీలునామాల్లో ఒక సంగతి అతన్ని సతాయిస్తోంది. 1741లో పోయిన పెద్ద వార్డెల్ మంచాలు, ఆవులు, పొగాకు కొట్టాలతో పాటు ‘ఐజాక్ అనే బానిస, ఎడమ చెవి కొస తెగినవాడు, వయసు సుమారు ముప్పై’ అని రాసి కొడుక్కిచ్చాడు. 1768లో ఆ కొడుకు తన కొడుక్కి అదే ఐజాక్‌ను, అదే చెవితో ఇచ్చాడు. 1799లో మళ్ళీ. 1831లో మళ్ళీ. ఎప్పుడూ ముప్పై ఏళ్ళే. ప్రతి కాగితం అడుగునా, రాసినవాడి సంతకం కింద, ఎవరిదో ఒక నల్లటి వేలిముద్ర.

తండ్రి పేరు కొడుక్కి పెట్టుకుని ఉంటార్లే అని సరిపెట్టుకున్నాడు. పేరంటే పెట్టుకుంటారు, తెగిన చెవి కూడా వారసత్వంగా వస్తుందా అన్నది మాత్రం మింగుడుపడలేదు. వార్డెల్‌ను అడిగితే ఆయన కాస్త ఇబ్బంది పడ్డాడు.

“మా కుటుంబం పేర్లు చాలు యాదగిరీ. ఆస్తుల జాబితా ఎందుకు? తీసేయ్.”

మనిషిని ఆస్తి అనడం యాదగిరికి గుచ్చుకుంది. కఫీల్ అనే ఒక యజమాని దగ్గర్నుంచి ఇంకో కఫీల్ దగ్గరికి తనను మార్చే కాగితం కోసం కాచుక్కూచున్నవాడికి గుచ్చుకోక ఏం చేస్తుంది? కానీ ఆ కాగితం ఆయన చేతిలోనే ఉంది. గురువారం పొద్దున ఐజాక్ ఉన్న నాలుగు వరుసలూ చెరిపేశాడు.

మధ్యాహ్నానికి దుమ్ము తుఫాను లేచింది. ఆకాశం ఇటుక రంగుకు తిరిగి, చూస్తుండగానే చీకటైంది. రేకులు దడదడలాడాయి. తలుపు సందుల్లోంచి సన్నటి ఇసుక, దానితో పాటు ఒక వాసన... పచ్చి పొగాకు వాసన. అమ్మ బీడీలు చుట్టేటప్పుడు ఇల్లంతా ఉండే వాసన. సులైలో పొగాకు ఎక్కడిది?

కిటికీ మీద ఎవరో తట్టారు.

మనుషులు ఆ కిటికీ దగ్గరికి రావడం మామూలే. పని వదిలి పారిపోయారని కంపెనీ ఫిర్యాదు చేసినవాళ్ళ పట్టీ, హురూబ్ లిస్టు, యాదగిరి దగ్గరే ఉండేది. అందులో పేరెక్కితే ఊరు మాట మరిచిపోవాల్సిందే. రోజుకు ఇరవై మంది వచ్చి అదే ప్రశ్న. మొదట్లో వేలు పెట్టి ప్రతి వరుసా వెతికేవాడు. పోనుపోను విసుగొచ్చి, చూడకుండానే లేదని చెప్పి పంపడం అలవాటైంది.

“నా పేరున్నదా అన్నా?”

గొంతు తగ్గించి అడిగాడు ఆ మనిషి. ముఖానికి గుడ్డ చుట్టుకున్నాడు. క్యాంపులో మనవాడెవడో అనుకుని, యాదగిరి తెర మీంచి కళ్ళు కూడా తిప్పలేదు.

“లేదు. పో.”

“మంచిగ చూడు.”

“చూసిన. లేదు.”

“ఇగ నేను పోవచ్చా?”

“పో అన్నా. నిన్నెవలు ఆపుతరు?”

అవతల పెద్ద నిట్టూర్పు. నెత్తి మీది మూట దింపుకున్నవాడి ఊపిరిలా ఉంది. ఆ మనిషి వెనక్కి తిరిగాడు. గాలికి గుడ్డ జారింది. అప్పుడు తలెత్తి చూశాడు యాదగిరి...

ఎడమ చెవికి కొస లేదు.

తలుపు తోసుకుని బయటికి పరిగెత్తాడు. ఎవరూ లేరు. కిటికీ కింద ఇసుక జల్లించిన పిండిలా పరుచుకుని ఉంది. ఒక్క అడుగు గుర్తు లేదు.

గదిలోకొచ్చి 1831 నాటి ఫొటో తెరిచాడు. మంచాలున్నాయి. ఆవులున్నాయి. ఐజాక్ లేడు. ఆ చోట, అదే వెలిసిన సిరాతో, అదే గొలుసుకట్టు రాతలో...

‘యాదగిరి అనే మనిషి, ఎడమ కనుబొమ మీద గాటు ఉన్నవాడు, చదవను రాయను నేర్చినవాడు.’

చెయ్యి దానంతటదే కనుబొమ మీదికి పోయింది. చిన్నప్పుడు గూటం తగిలిన గాటు. 1799 తెరిచాడు. 1768. 1741. అన్నిట్లోనూ తనే.

ఫోన్ మోగింది. వార్డెల్ నుంచి మెసేజి. ‘నీ బదిలీ అయిపోయింది. ఇక నువ్వు మావాడివి.’

పొద్దున అయితే ఆ మాటకు ఎగిరి గంతేసేవాడు. ఇప్పుడు ఫోన్ బోర్లా పెట్టేశాడు. తెర మీద తన పేరు పక్కన ఇంకా ఏదో ఉంది. పెద్దది చేసి చూశాడు. ‘అతని బిడ్డ కావ్య, నాలుగేళ్ళది. వారికి పుట్టబోయేవారు. శాశ్వతంగా.’ కింద వేలిముద్రలు ఇప్పుడు రెండు. ఒకటి పెద్దది. పక్కన ఒకటి, చింతగింజంత.

ఇంటికి ఫోన్ కలిపాడు. భార్య ఊర్మిల ఎత్తలేదు. పిల్లే ఎత్తింది.

“బాపూ...”

“బిడ్డా, అమ్మ ఏది? మంచిగున్నవా?”

“అమ్మ సబ్బు కోసం పోయింది. నా బొటనేలుకు నల్లగ అంటింది బాపూ. ఎంత కడిగినా పోతలేదు.”