తోకపెట్టె

2096 నాటికి విశాఖపట్నంలో విజ్ఞానకోశం చూడకుండా ఏ పనీ కదిలేది కాదు. వీధికి పేరు పెట్టాలన్నా, పాత కట్టడం కూల్చాలన్నా, కోర్టులో వాదన వినిపించాలన్నా ముందు కోశంలో ఏముందో చూపించాలి. యంత్రాలు అల్లిన దొంగ ఫొటోలతో, దొంగ ఉత్తరాలతో ఒక తరమంతా విసిగిపోయాక, సహసమీక్ష దాటిన వాక్యానికి సాక్ష్యం విలువ ఇస్తూ చట్టం వచ్చింది. ప్రతి వ్యాసాన్నీ ముగ్గురు సమీక్షకులు పరిశీలిస్తారు. రాసినదెవరో వాళ్లకు తెలియదు. వాళ్లలో ఒకరి సంగతి ఇంకొకరికీ తెలియదు. ముగ్గురూ సరేనన్నాక అది లోకానికి నిజం.

ఆ జులైలో డాక్టర్ మైలపల్లి పోలేశ్వరికి సమీక్షకని వచ్చిన వ్యాసం ‘విశాఖ–భీమిలి సబర్బన్ రైల్వే లైను’. ఆమె లోహశాస్త్రవేత్త. వయసు యాభై మూడు. ఆ లైను పక్కనున్న రాళ్లపేటలోనే పుట్టింది. 2041లో మొదలైన ఆ లైను, సముద్రం రైలు కట్టను కోసేయడంతో 2068లో మూతబడింది. ఇప్పుడు దాన్ని కాస్త ఎగువన మళ్లీ వేస్తున్నారు.

వ్యాసం శ్రద్ధగా రాసినదే. పోలేశ్వరి రెండు తేదీలు దిద్దింది. ఒక వంతెన పొడవు తప్పని గుర్తుపెట్టింది. తర్వాత ఒక పేరా దగ్గర ఆగిపోయింది.

‘బండి చివర చేపలమ్మే మహిళలకు కేటాయించిన పెట్టె ఉండేది. వాడేవారు లేకపోవడంతో 2059లో దాన్ని తొలగించారు.’

ఆమె ఆ వాక్యం మూడుసార్లు చదివింది. ముఖాన కొట్టినట్టయింది. రాళ్లపేటలో దాన్ని తోకపెట్టె అనేవారు. వాళ్లమ్మ కొర్లమ్మ తెల్లారగానే గంప నెత్తిన పెట్టుకుని ఆ పెట్టె ఎక్కడానికి వెళ్లేది. పేటలోని నలభై మంది గంపల ఆడవాళ్లకూ కొర్లమ్మే పెద్ద. పెట్టె తీసేసిన రోజు ఆడవాళ్లంతా పట్టాల మీద కూర్చున్నారు. పదహారేళ్ల పోలేశ్వరి అమ్మ పక్కనే కూర్చుని పోలీసుల చేత ఈడ్పించుకుంది. ఆ ఊరివాళ్ల పొట్ట కొట్టినవాళ్లే ఇప్పుడు, మీరు ఎక్కలేదు కాబట్టి తీసేశాం అని కోశంలోకి ఎక్కిస్తున్నారని ఆమెకు అనిపించింది.

ఆ వాక్యం చరిత్రతో ఆగేది కూడా కాదు. పునరుద్ధరణ చట్టం ప్రకారం, పాత లైనులో రోజుకు పాతికమందైనా వాడుతుండగా తీసేసిన సదుపాయాన్ని కొత్త లైనులో తిరిగి ఇవ్వాలి. పెద్ద పడవల కంపెనీలు తీరం వదిలి వెళ్లిపోయాక, ఇప్పుడు మళ్లీ రెండు వందల మంది ఆడవాళ్లు గంపలతోనే బతుకుతున్నారు. వాళ్ల సంఘం తోకపెట్టె కోసం ఏడాదిగా తిరుగుతోంది. కోశంలో ‘వాడేవారు లేక’ అన్న మాట ఖాయమైతే వాళ్ల అర్జీ చెత్తబుట్టలోకే.

పోలేశ్వరి తన అభ్యంతరం రాసి పంపింది. సమీక్షలను నడిపే ప్రోగ్రాం పేరు పరిశీలకి. అది మృదువుగా మాట్లాడేది. పత్రికలు రెండు రకాలుగానూ రాశాయనీ, జ్ఞాపకం ఒక్కటే ఆధారం కాదనీ చెప్పింది.

“అరుగుదర్శినితో చూడవచ్చు కదా డాక్టర్ గారూ? అది మీరు కనిపెట్టినదే,” అంది.

ప్రపంచమంతా ట్రైబోగ్రాఫ్ అని పిలిచే యంత్రానికి పోలేశ్వరి పెట్టిన పేరు అరుగుదర్శిని. ఇస్త్రీ పెట్టె అంత ఉంటుంది. మనుషులు తొక్కిన ఇనుము మీద దాన్ని నెమ్మదిగా జరిపితే, లోపలికి న్యూట్రాన్లు పంపి లోహపు పొరలను చదువుతుంది. సముద్రపు ఒడ్డున ప్రతి వానాకాలం ఇనుము మీద పలచని తుప్పు పొర కడుతుంది. ఎండాకాలంలో అడుగులు దాన్ని అరగదీస్తాయి. చెట్టు మొదలు కోస్తే వలయాలు కనపడ్డట్టు, ఈ పొరల్లో ఏ ఏడు ఎన్ని అడుగులు పడ్డాయో కనపడుతుంది. చెప్పు గీత పెడుతుంది. వట్టి పాదం నునుపు చేస్తుంది. నెత్తిన బరువుంటే లోహపు స్ఫటికాలు మరికాస్త లోతుగా నలుగుతాయి. మనుషులు మరిచిపోతారు, బొంకుతారు, ఇనుముకు ఆ రెండూ చేతకావని పోలేశ్వరి సభల్లో చెప్పేది.

రాళ్లపేట హాల్టు ఇప్పుడు నడక తోట. ప్లాట్‌ఫారం చివర, తోకపెట్టె ఆగేచోట, అంచుకు బిగించిన ఇనుప పట్టీ పిచ్చితీగల కింద అలాగే ఉంది. ఒక ఉదయం ఆమె ఒక్కతే వెళ్లి, తీగలు తప్పించి, మోకాళ్ల మీద కూర్చుని యంత్రాన్ని పట్టీ మీద నడిపింది. గంట తర్వాత తెర మీద అంకెలు వచ్చాయి.

2041 నుంచి 2056 దాకా వట్టి పాదాలు, నెత్తిన బరువులు, రోజుకు నలభై మందికి తగ్గకుండా ఉన్నారు. 2057లో ఆ సంఖ్య ముప్పైకి, పదికి, మూడుకి పడిపోయింది. ఆ తర్వాత పెట్టె తీసేసే దాకా, రెండేళ్ల పొడుగునా, ఒక్క మనిషి.

ఆమె మళ్లీ నడిపింది. పట్టీ రెండో కొస నుంచి నడిపింది. అంకెలు మారలేదు. ఆ ఒక్క మనిషి ఎడమ పాదం ఈడుస్తూ నడిచిందని కూడా యంత్రం చూపించింది.

రాళ్లపేటలో ఎడమకాలు ఈడ్చే గంపలమనిషి ఒక్కర్తే. వాసుపల్లి చినతల్లి. కొర్లమ్మకు చెల్లెలి వరస. డెబ్బై దాటినా ఇంకా ఉంది. సముద్రపు గోడ వెనక, ప్రభుత్వం కట్టిన ఇళ్లలో మనవరాలి దగ్గర ఉంటోంది. పోలేశ్వరి ఆ మధ్యాహ్నమే వెళ్లింది. చినతల్లి గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి పాయలు వలుస్తోంది. చాలా ఏళ్లకు వచ్చావని నిష్ఠూరమాడి, కూర్చోమని పీట జరిపింది. పోలేశ్వరి ఎలా మొదలుపెట్టాలో తెలియక తెర చూపించి, ఈ అడుగులు ఎవరివి పిన్నీ అని అడిగింది.

చినతల్లికి తెర అర్థం కాలేదు. విషయం చెప్పాక చేతిలో పాయ పక్కన పెట్టింది.

“నాయే,” అంది. “ఇన్నాల్లకి ఎవులో ఒకలు అడిగినారు.”

ఆమె చెప్పినది ఇది. 2057లో ఎగుమతుల కంపెనీ ఐసు బండి ఒడ్డుకే వచ్చి చేపలు ఎత్తుకుపోవడం మొదలుపెట్టింది. ఆడవాళ్లకు రొయ్యలు వలిచే షెడ్డులో పని ఇస్తామంది. నీడపట్టున పని. గంప మోయనక్కర్లేదు. పెట్టె వదలకూడదని, వదిలితే మళ్లీ రాదని కొర్లమ్మ అందరి చేతా అమ్మోరి గుడి దగ్గర ఒట్టు వేయించింది. నెల తిరక్కుండా మొట్టమొదట షెడ్డులో చేరింది కొర్లమ్మే. తర్వాత ఒకరి వెనక ఒకరు చేరారు. పేటలో పరువు పోతుందని అందరూ పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకునే బయల్దేరేవారు. మలుపు దాటాక గంప షెడ్డు వెనక దాచేవారు.

“మరి నువ్వెందుకు చేరలేదు?” అని పోలేశ్వరి అడిగింది.

“మీ యమ్మే వొద్దంది. పెట్టి కాళీగుంటే తీసేత్తారు, నువ్వెక్కుతుండు సినతల్లీ, మావు వొంతులేసుకుని వొత్తాం అంది. మీ యమ్మ మాటంటే నాకు గురి. రెండేల్లెక్కినాను. ఒక్కర్తినీ. ఏ పొద్దూ ఎవులూ రానేదు.” చినతల్లి ఇంకో పాయ అందుకుంది. “పెట్టి తీసేసినాక షెడ్డుకెల్తే, కుంటిదానికి పనేటి అన్నాడు మేస్త్రీ. మీ యమ్మ అక్కడే కూకోనుంది. తలెత్తనేదు.”

పోలేశ్వరి తల వంచుకుని విన్నది. ఆ షెడ్డు కూలి డబ్బుతోనే తను కాలేజీకి వెళ్లింది; పెట్టె పోయాకే అమ్మ అందులో చేరిందనుకుంది. పట్టాల మీద కూర్చున్న నాడు అమ్మ గొంతు అందరికంటే పైకి వినిపించింది. ఆ పెట్టెలో రెండేళ్లుగా అమ్మ కాలు పెట్టలేదు. ఆ వ్యాసం రాసినవాళ్ల మీద వచ్చిన కోపానికి ఇప్పుడు నిలవడానికి చోటు లేదు. ఇన్నేళ్లూ అమ్మను తలుచుకుని తను గర్వపడిన ఉదయాలన్నీ అబద్ధం.

వెళ్లేముందు చినతల్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

“నువ్వు రాత్తావా ఇది?”

“రాస్తాను పిన్నీ.”

“మీ యమ్మని తిట్టమనట్లేదు. పెట్టి కాళీ అని మట్టుకు రాయకు. ఒక మనిసుంది అని రాయి. సాలు.”

పోలేశ్వరి సరేనంది. మనస్ఫూర్తిగానే అంది.

సమీక్ష రాయడానికి పదిరోజుల గడువుంది. ఆమె మొదటి రోజే రాసింది: ‘2057–59 మధ్య ఈ పెట్టెను వాడినది ఒకే ఒక మహిళ.’ పంపలేదు. ఆ వాక్యం వెళ్తే చట్టం అడిగే పాతికమంది ఉండరు. కొత్త లైనులో తోకపెట్టె ఉండదు. గంపల సంఘం ఆడవాళ్లు ఆమె ఆఫీసు ముందు ఎదురుపడినప్పుడల్లా, మన పేటపిల్లవు నువ్వే చూడాలమ్మా అనేవారు. ఆ వాక్యం వెళ్తే కొర్లమ్మ పేరు కూడా ఎప్పుడో ఒకప్పుడు బయటికొస్తుంది. రాళ్లపేట కూడలిలో, ఆమె చనిపోయాక ఆమె పేరున పెట్టిన మంచినీళ్ల కుళాయి ఉంది. పోలేశ్వరి ప్రతిరోజూ వాక్యం తెరిచి చూసి మూసేది. చినతల్లి ఎలాగూ కోశం చదవదనీ, ముసలామె ఒక్కర్తి మాట కంటే రెండు వందల కుటుంబాల కూడు పెద్దదనీ తనకు తానే చెప్పుకుంది. చెప్పుకున్నకొద్దీ అది న్యాయంగా కనపడసాగింది.

పదో రోజు ఆమె ఇలా రాసి పంపింది: ‘అరుగుదర్శినితో పట్టీని పరిశీలించాను. ఉప్పు గాలి వల్ల 2057 తర్వాతి పొరలు అస్పష్టం. అంతకు ముందు పొరల్లో రోజుకు నలభై మందికి తగ్గని వాడకం స్పష్టంగా ఉంది. “వాడేవారు లేక” అన్న మాటకు ఆధారం లేదు. “పలువురు మహిళలు వాడుతుండగా తొలగించారు” అని సవరించాలి.’



మూడు వారాలకు వ్యాసం ఆమోదం పొందింది. సవరణ యథాతథంగా నిలిచింది. ఇది తమ పేటపిల్ల పనేనని ఊహించి, సంఘం ఆడవాళ్లు ఆమె ఆఫీసుకు వచ్చి దండ వేశారు. నిబంధన ప్రకారం, ఆమోదం తర్వాత మూడు సమీక్షలూ సమీక్షకులకు కనపడతాయి. పోలేశ్వరి మిగతా రెండూ తెరిచింది. ఒకరు గుంతకల్లు రైల్వే ఇంజనీరు. ఇంకొకరు చరిత్ర ఆచార్యురాలు. ఇద్దరూ తమ వంతుగా రాళ్లపేట వచ్చి అదే పట్టీని అరుగుదర్శినితో చదివారు. ఇద్దరూ ఒకే మాట రాశారు: ‘2057 తర్వాత అస్పష్టం.’

ఆ పట్టీ మీద ఆ పొరలు అచ్చు అక్షరాల్లా ఉన్నాయి. వాటిని చూసి అస్పష్టమని యంత్రం చెప్పదు. మనిషే చెప్పాలి. ఇంజనీరుకు ఆడవాళ్ల మీద జాలి కలిగిందో, ఆచార్యురాలికి ఆ షెడ్డుతో ఏ బంధముందో ఆమెకు తెలియదు. ముగ్గురూ ఒకరికొకరు తెలియకుండానే ఒకే అబద్ధానికి వచ్చారు.

ఆమె పరిశీలకిని అడిగింది, దేశం మొత్తం మీద అరుగుదర్శిని వాడిన సమీక్షల్లో ఎన్నింట్లో ఈ మాట వచ్చిందని.

“పదకొండేళ్లలో పదింటికి ఏడు,” అంది పరిశీలకి. “ఊళ్లు, మిల్లులు, బడులు, జైళ్లు, అన్నింట్లోనూ.”

“నీకు అనుమానం రాలేదా?”

“యంత్రంలో లోపం ఉందేమోనని వచ్చింది. ప్రతిసారీ మీకే ఫిర్యాదు పంపాను. మీరు ఆరుసార్లు దాన్ని మెరుగుపరిచారు. మెరుగుపరిచిన ప్రతిసారీ అస్పష్టాలు ఇంకొంచెం పెరిగాయి.”

ఆ ఫిర్యాదులన్నీ ఆమెకు గుర్తున్నాయి. అద్దాలు మార్చింది. కిరణాల తీవ్రత పెంచింది. వారాల తరబడి ఇంటికి వెళ్లకుండా పనిచేసింది. మనుషులు చూడలేకపోతున్నారనుకుంది. వాళ్లకు బాగా కనపడడమే ఇబ్బందైందని తట్టలేదు. ఆ ఏడింటిలో ఇప్పుడు తనది కూడా ఒకటి.

మర్నాడు ఆమె చినతల్లి ఇంటికి వెళ్లింది. నిజం చెప్పేసి, సవరణ కోరతానని మాట ఇవ్వాలనుకుంది. దానికి ఇంకా తొంభై రోజుల గడువుంది. మనవరాలు అప్పటికే వ్యాసం చదివి వినిపించిందట. చినతల్లి గోడకు చేరగిలి కూర్చుని ఉంది. ముఖంలో కోపం లేదు. గంపలోళ్లకు పెట్టె వచ్చిందటగా, మంచిదేనంది. పోలేశ్వరి, పొరలు సరిగ్గా కనపడలేదు పిన్నీ అంది. తను అనాలనుకున్నది అది కాదు. అదే వచ్చింది.

చినతల్లి మెల్లగా తల ఊపింది.

“అయితే నాను ఎక్కనేదన్నమాట,” అంది.

మనవరాలు తెచ్చిన టీ సగం తాగి పోలేశ్వరి లేచింది. సవరణ గడువు నవంబరులో ముగిసింది. ఆమె దగ్గర నుంచి పరిశీలకికి ఏ కోరికా అందలేదు.