ముల్తె పళ్ళ మీగడ

ఐవిండ్ చేపల సూప్ తాగి చచ్చిపోయాడు. తన జతగాడు ఏ తుపాకీ గుండుకో పోయుంటే హాల్వార్‌కి ఇంత కడుపుమంట ఉండేది కాదు. కొత్తవాడు చాక్లెట్ చేతిలో పెడితే కాగితం కూడా విప్పని మనిషి ఐవిండ్. అలాంటివాడు ఓడ భోజనాల గదిలో, నలుగురి మధ్య, వేడి సూప్ గిన్నెలో ముఖం పెట్టి పడిపోయాడు. ఏడాది గడిచినా ఆ విషం ఎవరు కలిపారో వాళ్ళ గూఢచారి డిపార్ట్‌మెంట్ తేల్చలేకపోయింది.

"మళ్ళీ అదే ఓడ. అదే దారి. ఈసారి నువ్వు," అంది చీఫ్ బోర్గిల్.

"మీకు కాస్తయినా సిగ్గుందా మేడమ్?"

"ఉంటే ఈ కుర్చీలో కూర్చుంటానా? అరవడం అయిపోతే విను."

నార్వే రేవుపట్నం బెర్గెన్ వాన కిటికీ అద్దాలను బాదుతోంది. బోర్గిల్ ఒక ఫొటో ముందుకు తోసింది. బట్టతల, బూరెబుగ్గలు, అమాయకపు చూపు.

"ఇంజనీర్ ఓడ్వార్. సముద్రం అడుగున జలాంతర్గామి ఎక్కడ కదిలినా వినిపించే యంత్రం ఇతని బుర్రలో ఉంది. కాగితం మీద ఇంకా పెట్టలేదు. ఉత్తరాన ట్రోమ్సోలో నేవీకి అప్పజెప్పాలి."

"విమానంలో పంపండి."

"విమానం పేరెత్తితే వాంతి చేసుకుంటాడు. అంత ఉత్తరానికి రైలు లేదు. ఓడే గతి. ఇతను చచ్చిపోతే సముద్రం కింద మనం చెవిటివాళ్ళం, హాల్వార్."

చంపదలచిన ముఠా సరిహద్దు అవతలిది. దాని నాయకుడి కోడ్ పేరు 'సీల్'. డిపార్ట్‌మెంట్‌లో వాడి ముఖం చూసినవాళ్ళు లేరు. వాడి ఆయుధం ఎప్పుడూ భోజనమే.

"నువ్వూ సున్నివా మొగుడూపెళ్ళాలు. ఓడ్వార్ మీ బాబాయ్. మంచుకొండలు చూడ్డానికి షికారు వెళ్తున్నారు."

సున్నివా కిటికీ దగ్గర నిలబడి నవ్వింది. డిపార్ట్‌మెంట్‌లో ఆమె నవ్వుకి పడిపోని మగాడు లేడు. ఐవిండ్ శవపేటిక దగ్గర అందరికంటే గట్టిగా ఏడ్చింది కూడా ఆమే.

"అయితే నాదొక షరతు," అన్నాడు హాల్వార్. "ముగ్గురి పెట్టెలూ నేనే సర్దుతాను. అన్ని పూటల భోజనాలూ నేనే నిర్ణయిస్తాను. ఎవరూ నోరెత్తడానికి వీల్లేదు."

అన్నట్టే సర్దాడు. ఉన్ని బనీన్లు, ఉన్ని మేజోళ్ళు, గొంతు దాకా వచ్చే స్వెటర్లు. స్వెటర్ గుండీల్లో ఒకటి రేడియో. థర్మాస్ అడుగున పిస్టల్. చేపగుడ్ల ముద్ద అమ్మే ట్యూబు ఒకటి. పిండితే కళ్ళు మండించే జిగురు వస్తుంది. మిగతా ఖాళీ అంతా టమాటా రసంలో ఊరిన మేకరెల్ చేప డబ్బాలు, గట్టి రొట్టెలు. సున్నివా సౌందర్య సాధనాలన్నీ చెత్తబుట్టలో వేసి కొత్తవి కొనిచ్చాడు.

"నా లోదుస్తులు కూడా నువ్వే మడతపెడతావా మొగుడా?" అంది సున్నివా.

"పెడతాను. ఉన్నివి. దురద పెడితే ఓర్చుకో."

ఓడ పేరు 'హావర్న్'. కేబిన్‌లో ఓడ్వార్ అప్పటికే గోనెపీచు లాంటి పెట్టుడు గడ్డంతో కూర్చున్నాడు. హాల్వార్ తలుపు మూసి కోడ్ వాక్యం చెప్పాడు.

"రొట్టెలో ఏలకులు తగ్గాయి."

'మా అత్త ఎక్కువే వేస్తుంది' అని జవాబు రావాలి. ఓడ్వార్ కళ్ళు మెరిశాయి.

"ఏ రొట్టె? తెచ్చావా? ఏదీ, ఇటు పెట్టు!"

హాల్వార్ పళ్ళు కొరికాడు. ఈ తిండిపోతు కోసమా ప్రాణాలు పణంగా పెట్టేది?

ఓడ ఉత్తరానికి సాగింది. రెండు పక్కలా మంచు కప్పిన కొండలు నీళ్ళలోకి నిలువునా దిగాయి. ప్రయాణికులు డెక్ మీద నిలబడి ముక్కులు ఎర్రబడేదాకా ఆహా ఓహో అన్నారు. హాల్వార్ ఒక్క కొండ కూడా చూడలేదు. అతని చూపంతా మనుషుల చేతుల మీదే. భోజనాల గదిలో గోడకు ఆనుకున్న బల్ల పట్టాడు. అందరి ముందూ ఆవిర్లు కక్కే రెయిన్‌డీర్ మాంసం, వెన్నలో వేగిన కాడ్ చేప. ఓడ్వార్ ముందు డబ్బా.

"మళ్ళీ మేకరెలా? జైల్లో కూడా ఇంతకంటే నయంగా పెడతారయ్యా!"

"జైల్లోవాళ్ళని ఎవరూ చంపాలనుకోరు బాబాయ్. తిను."

"గడ్డానికి టమాటా అంటుకుంటోంది."

"నాక్కో."

సున్నివా ఓడ్వార్ వైపు జాలిగా చూసింది. "పాపం, ఆఖరి రాత్రయినా మనిషికి మనిషి తిండి పెట్టు హాల్వార్. అందరికీ ఒకే పళ్ళెంలో తెచ్చేది మనమూ తిందాం. ఒకళ్ళకి విషం పెట్టాలంటే ఓడనంతా చంపాలి కదా?"

ఆ మాటలో న్యాయం ఉంది. పైగా మేకరెల్ వాసనకి హాల్వార్‌కే డోకు వస్తోంది. సరేనన్నాడు.

బోడో రేవులో కొత్త ప్రయాణికుడొకడు ఎక్కాడు. మెడలో పెద్ద కెమెరా, తలమీద బొచ్చుటోపీ. స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన పక్షిశాస్త్రవేత్తనని, పేరు ఫ్రై అని, నార్వేలో కాలు పెట్టడం ఇదే మొదటిసారని డెక్ మీద కనబడ్డవాళ్ళందరికీ వచ్చీరాని భాషలో చెప్పుకున్నాడు. సాయంత్రం భోజనానికి బల్లలన్నీ నిండిపోయి వీళ్ళ బల్ల దగ్గరకే వచ్చాడు.

"కూర్చోవచ్చునా?"

సున్నివా అప్పటికే అక్వావిట్ సారా గ్లాసు ఖాళీ చేసి, బుగ్గలు ఎర్రబడి కులాసాగా ఉంది. లేచి చెయ్యి చాపింది. "తక్ ఫర్ సిస్ట్!"

"సెల్ తక్," అన్నాడు ఫ్రై, ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని.

అందరూ కూర్చున్నారు. రెయిన్‌డీర్ పళ్ళెం వచ్చింది. హాల్వార్ ముందు తిన్నాడు, తర్వాత ఓడ్వార్‌కి పెట్టాడు. ఓడ్వార్ కళ్ళు మూసుకుని నమిలాడు, ఏడ్చినంత పని చేశాడు. ఫ్రై సముద్రపు గద్దల గురించి చెప్పాడు. చివరికి బల్ల మధ్యకి పెద్ద గాజుగిన్నె వచ్చింది. ముల్తె పళ్ళ మీగడ. బురదనేలల్లో కాసే ఆ బంగారు పళ్ళంటే ఆ దేశంలో ప్రాణం పెడతారు.

"నేను వడ్డిస్తాను," అంది సున్నివా. హాల్వార్‌కి పెట్టింది. తనకి పెట్టుకుంది. ఓడ్వార్‌కి ఇంకాస్త ఎక్కువ పెట్టింది. "తిను బాబాయ్. మేకరెల్ పాపం పోతుంది."

ఓడ్వార్ చెంచా నింపాడు.

హాల్వార్‌కి ఏదో గుచ్చుకుంటోంది. అందరూ అనే మాటే. పొద్దున లేస్తే పదిమందితో అనే మాట. అందుకే చెవి పట్టించుకోలేదు. తక్ ఫర్ సిస్ట్. కిందటిసారికి థాంక్స్. ఇంతకుముందు ఒకచోట కూర్చుని తిని తాగినవాళ్ళు మళ్ళీ ఎదురైతే నార్వే మనిషి నోట ముందు వచ్చేది అదే. ఏళ్ళు గడిచినా వస్తుంది. కొత్తవాడితో చచ్చినా అనరు. మొదటిసారి దేశంలో కాలు పెట్టినవాడికి 'సెల్ తక్', నీకూ థాంక్స్, అన్న జవాబు అంత తడుముకోకుండా రాదు.

చెంచా ఓడ్వార్ పెదవి తాకింది.

హాల్వార్ బల్ల మీదుగా దూకి ఆ చెయ్యి మీద ఒక్క దెబ్బ కొట్టాడు. చెంచా గోడకి తగిలింది. మీగడ గడ్డం నిండా చిమ్మింది.

"నాక్కోకు!" అని అరిచాడు. "నాలుక బయటపెడితే కోసేస్తాను!"

ఓడ్వార్ నోరు బిగించుకుని కొయ్యబారిపోయాడు. హాల్వార్ ఆ పెట్టుడు గడ్డాన్ని ఒక్క గుంజు గుంజి అవతల పారేశాడు. ఓడ్వార్ గిన్నెను సున్నివా ముందుకు తోశాడు.

"తిను."

"పిచ్చెక్కిందా నీకు? అందరూ చూస్తున్నారు."

"నువ్వు వడ్డించిందే కదా! తినవే!"

సున్నివా గిన్నె వైపు చూసింది కానీ ముట్టుకోలేదు. ఫ్రై కెమెరా మెల్లగా పైకి లేస్తోంది. దాని లెన్స్‌లో గాజుకి బదులు నల్లటి బెజ్జం ఉంది. హాల్వార్ జేబులోని ట్యూబు వాడి కళ్ళలోకి పిండాడు. ఫ్రై కేక పెట్టాడు, కెమెరా పేలింది, పైన దీపం బద్దలైంది. మరుక్షణం సీల్ గారు బోర్లా పడి, వీపు మీద హాల్వార్ మోకాలితో, ఏ యాసా లేని శుద్ధమైన నార్వే భాషలో బూతులు తిడుతున్నాడు.

సున్నివా పారిపోలేదు. సముద్రం మధ్యలో పారిపోవడానికి చోటెక్కడుంది?

"నీ పెట్టె నేను సర్దాను కాబట్టి విషం వాడు తేవాల్సి వచ్చింది. చెయ్యి కలిపినప్పుడు అందించాడు. అవునా?"

"నీ సర్దుడు తగలెయ్య. అంతా బాగా కుదిరింది. నోటి అలవాటు కొంప ముంచింది."

"ఐవిండ్‌కి కూడా నువ్వే వడ్డించావా?" అన్నాడు హాల్వార్.

ఆమె భుజాలెగరేసింది. "అతనికి మీగడ పడదు కదా. మధ్యలో ఒక రేవులో ఎక్కి పలకరించాను. నన్ను చూసి ఎంత సంతోషపడ్డాడో! సూప్ పోసిస్తే థాంక్స్ చెప్పి తాగాడు."

హాల్వార్ పిడికిలి పైకి లేచింది. ఓడ్వార్ వెనకనుంచి ఆ చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు. అంత లావు మనిషి పట్టుకోకపోతే ఏం జరిగేదో హాల్వార్‌కే తెలియదు.

"వద్దయ్యా. కోర్టులో మాట్లాడనీ. ఆ కుర్రాడి వాళ్ళమ్మ వినాలి కదా."

మర్నాడు ట్రోమ్సోలో నేవీవాళ్ళు ఓడ్వార్‌ని జీపులో ఎక్కించుకున్నారు. సున్నివాకీ సీల్‌కీ సంకెళ్ళు పడ్డాయి. కబురందుకుని విమానంలో వచ్చి రేవులో నిలబడ్డ బోర్గిల్ రాత్రికి రాత్రే పదేళ్ళు పైబడినట్టుంది.

"అది నా చెయ్యి కింద పెరిగిన పిల్ల," అంది. "నాకు కళ్ళు లేవు. నువ్వు తిట్టు, పడతాను."

తిట్టడానికి దారి పొడవునా తయారుచేసుకున్న మాటలన్నీ హాల్వార్ పక్కన పెట్టేశాడు. కోపం తగ్గి కాదు. అది ఈమె ఒక్కదానికి సరిపోయే కోపం కాదు.

బోర్గిల్ కళ్ళు తుడుచుకుంది. "సన్నబడిపోయావురా. బెర్గెన్ వెళ్ళాక మా ఇంటికి రా. మటన్, క్యాబేజీ వండుతాను. నా చేత్తో వడ్డిస్తాను."

హాల్వార్ ఆమె చేతుల వైపు చూశాడు.

"వస్తాను మేడమ్," అన్నాడు. "కానీ ముందు మీరు తినండి."