తప్పుకుంటే లోపలికి వచ్చేవాడు

చీకటిని సృజించి, ఆ చీకటికి జడిసే గుండెనూ సృజించి, రెంటి నడుమ చిన్న దీపాన్ని నిలిపిన దయామయునికి తొలి నమస్కారం. పలుకు తడబడకుండా కాచే వాక్కుకు మలి నమస్కారం. ఇక చెప్పబోయేది ఒక లిఫ్టు మెకానిక్ భార్య కథ.

ఆమె కాపురం పై అంతస్తులో. గుమ్మానికి ఎదురుగానే లిఫ్టు తలుపు. కిందటేడు ఆమె భర్త ఆ లిఫ్టు అడుగు గుంటలో దిగి పని చేస్తుండగా, పైన ఎవరో మెయిన్ స్విచ్ వేశారు. లిఫ్టు అతని మీదికి దిగింది. నాటినుంచి దానికి కరెంటు తీసేసి, తాళం బిగించారు. ఆనాడు స్విచ్ ఉన్న పై గదిలో అతనికి సాయంగా ఉన్నది మరిది ఒక్కడే. "అన్నయ్యే స్విచ్ ఆపడం మరిచాడు" అన్నాడతడు. ఆ మాట ఆమెకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

ఒక వాన మధ్యాహ్నం, అన్న పనిముట్ల సంచీ కోసం మరిది వచ్చాడు.

"ఒక ఆట గెలిచి పట్టుకుపో," అంది ఆమె.

బల్లమీద అప్పటికే రాకాసుల ఆట పరిచి ఉంది. అన్నదమ్ములు కేకలు పెడుతూ ఆడుకున్న ఆట. నడుమ నగరం, చుట్టూ అట్టబొమ్మల రాకాసులు, ఒక్కొక్కదానికి మిగిలిన ప్రాణాలను గుండె గుర్తులతో చూపే చిన్న చక్రం. పాచికపై గోరు గుర్తు పడితే దెబ్బ. నగరంలో నిలిచినవాడి దెబ్బ బయటున్న అందరికీ తగులుతుంది. బయటివారి దెబ్బ అతనొక్కడికే. నగరంలో దెబ్బ తిన్నవాడు "తప్పుకున్నా" అనవచ్చు. అంటే మాత్రం, కొట్టినవాడు లోపలికి రాక తప్పదు.

మరిదిది కొండముచ్చు, ఆమెది బల్లి. మూడోది భర్త ఆడే ఇనుప రాకాసి. ఆటకు రానివాడి బొమ్మను పెట్టెలో వదలరాదని, అతని పాచికలు మరొకరు వేయాలని ఆయనే పెట్టిన నియమం.

"పోయినవాడికి కూడా వంతేమిటి వదినా?"

"ఏం, భయమా?"

"నాకా! నీ బల్లిని కాస్త జరుపు, నా కొండముచ్చు కాళ్ళు చాపుకోవాలి." నవ్వుతూ నగరంలోకి ఎక్కాడు.

"అన్న లేనిచోట ఎక్కడం నీకు వెన్నతో పెట్టిన విద్యేగా."

ఆమె భర్త వంతు పాచికలు వేసింది. అన్నీ గోళ్ళే. మరిది చక్రం సగానికి దిగింది.

"తప్పుకుంటావా?"

"చచ్చినా తప్పుకోను."

మబ్బు దట్టమైంది. కరెంటు పోయింది. గదిలోకి మెల్లగా ఒక వాసన పాకింది. పాత కందెన వాసన, తడిసిన ఇనుము వాసన... బల్లమీద పాచికలు దొర్లాయి.

"మళ్ళీ వేశావేం వదినా?"

"నా చేతులు ఒళ్ళో ఉన్నాయి."

అతడు ఫోను వెలిగించాడు. అన్నీ గోళ్ళే.

గుమ్మం అవతల ఇనుప తాడు మూలిగింది. ఏదో పైకి వస్తోంది... అంతస్తు తర్వాత అంతస్తు... ఆగి... మళ్ళీ...

"కరెంటు లేదుగా..." అతడు ఫోను వెలుగును గుమ్మంవైపు తిప్పాడు.

"ఆ లిఫ్టుకు ఏడాదిగా లేదు. స్విచ్ ఎవరు వేశారు?"

"వదినా..."

"ఎవరు?"

"నేనే... తొందరగా ఇంటికి పోదామని. గుంటలో ఉన్నావా అని ఒక్క కేకైనా వేయలేదు..."

లిఫ్టు ఆ అంతస్తులో ఆగింది.

"తప్పుకున్నా! అన్నయ్యా, తప్పుకున్నా!"

ఆమె కొండముచ్చును తీసి పెట్టెలో పారేసింది. ఇనుప రాకాసిని నగరం నడుమ నిలిపింది. బయట తలుపు జారిన చప్పుడు. మరిది లేచి మెట్లవైపు పరుగెత్తాడు. కొంతసేపు అడుగులు వినిపించాయి... తర్వాత వినిపించలేదు. కింద కావలివాడు మెట్లెదుటే కూర్చున్నాడు. ఎవరూ దిగి రాలేదన్నాడు. లిఫ్టు మాత్రం తాళంతో కిందనే ఉంది.

కోరిన నిజం ఆమెకు దక్కింది. కాని కోపంలో నియమంలో సగమే తలచింది. ఇప్పుడు నగరంలో ఉన్నది ఆయన. ఆయన దెబ్బలు తినడానికి బయట మిగిలింది ఆమె బల్లి ఒక్కటే.

ప్రతి రాత్రీ ఆమె పాచికలను బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. తెల్లవారేసరికి అవి బల్లమీద ఉంటాయి, గోళ్ళు పైకి తిరిగి, కందెన అంటుకుని. బల్లి చక్రం కొంచెం దిగి ఉంటుంది. ఆయనను వెళ్ళగొట్టాలంటే ఆమె కొట్టాలి. ఆయన తప్పుకుంటే, ఆమె లోపలికి వెళ్ళాలి.

నిన్నటికి చక్రంలో ఒకే గుండె మిగిలింది.

ఈ కథ విన్న వారందరి గుండెలు నిండుగా ఉండుగాక. వారు పిలవనివారికి వారి తలుపులు తెరుచుకోకుండుగాక.