గుడిబండె బురుజు మీద పొగ

“ఫోన్, వైర్‌లెస్ రెండూ పనిచెయ్యవు. విదేశీ ముఠా జామర్ పెట్టింది,” అన్నాడు చిక్కబళ్ళాపురం ఆఫీసులో చీఫ్ శంకరనారాయణ. “వెనకటి రోజుల్లో సముద్రం ఒడ్డు బురుజుల్లో శత్రువు ఓడ కనిపిస్తే మంట వేసేవాళ్ళు. మనకూ అదే గతి. బాగేపల్లి రోడ్డులో క్షిపణి శాస్త్రవేత్త అలమేలుమంగ కారుకి ప్రమాదం కనిపిస్తే గుడిబండె కోట మీద పొగ పెట్టు. చెక్‌పోస్టులో ఉన్న మన మోహన్‌కుమార్ అది చూసి కారు ఆపేస్తాడు. ఆ సంగతి మన ఏజెంట్ గార్గి ముందే అతనికి చెప్పి, కోట మీద నిన్ను కలుస్తుంది.”

ఏజెంట్ నచికేత్ బేరం ఒప్పుకున్నాడు. సరుకు చూడకుండా ఒప్పుకున్న బేరం.

మిట్టమధ్యాహ్నం బురుజెక్కేసరికి పట్టుచీరలో గార్గి పిస్టల్ పట్టుకుని నిలబడి ఉంది. అతని చేతులు వెనక్కి విరిచి కట్టేసింది.

“రోడ్డు కల్వర్టు కింద మా ముఠా టైమ్ బాంబు ఉండాది నచికేత్.”

అతను బూటు మడమను రాతికి కొట్టాడు. అందులోని లైటర్ భగ్గుమని ఎండుగడ్డి అంటుకుంది. పొగ లేచింది.

గార్గి నవ్వింది. “థాంక్స్. నాకు పని తప్పించినావు. పొగ లేస్తే దారి క్షేమం, కారు పంపించమని మోహన్‌కుమార్‌కి చెప్పొచ్చినా.”

కింద చెక్‌పోస్టు గేటు పైకి లేచింది. కారు కదిలింది. నచికేత్ గొంతు పగిలేలా అరిచాడు. అంత ఎత్తు నుంచి ఆ కేక ఎవరికి వినిపిస్తుంది? తానే అలమేలుమంగను చావుకి పంపాడు. చూస్తూ నిలబడటం తప్ప చెయ్యగలిగింది లేదు.

“కొండకి అగ్గి అంటుకునిండాదిరో! గొర్రెల్ని రోడ్డుకి తోలండప్పా!” కోట గోడ కింద గొర్రెల కాపరి చౌడమ్మ కేకేసింది.

ఎండాకాలం కొండ మీద పొగ చూస్తే ఇక్కడి కాపరులు కారణం అడగరు. మంద తారురోడ్డెక్కాకే మాట్లాడతారు. వందల గొర్రెలు కారుకి అడ్డంపడ్డాయి. డ్రైవర్ హారన్ మోగించాడు. గొర్రెలు కదల్లేదు.

అవతల ఖాళీ కల్వర్టు పేలిపోయింది.

గార్గి మెట్ల వైపు తిరిగింది. అంతలోనే చౌడమ్మ, వెనక కర్రలతో కాపరులు బురుజెక్కారు. గార్గి పిస్టల్‌ని కొంగులో దాచేసింది.

చౌడమ్మ కాలిన గడ్డిని చూసింది, కట్లతో ఉన్న నచికేత్‌ని చూసింది.

“అగ్గి పెట్టినోన్ని పట్టి కట్టేసినావా? మంచి పని చేసినావమ్మా!” అంటూ గార్గి మణికట్టు గట్టిగా పట్టుకుంది. “పోలీసులొచ్చేదాకా సాక్షివి నువ్వే. యాడికీ పోగూడదు.”

ఈ బేరంలో నోరు మెదపకపోవడమే లాభమని నచికేత్ తల వంచుకున్నాడు.