ఎలిగించొచ్చా బావూ?

సెక్టర్ 6 కమ్యూనిటీ హాల్లో ఆ సాయంత్రం ఫెవికాల్ వాసనా, తడిసిన గొడుగుల వాసనా కలిసిపోయి ఉన్నాయి. బయట ముసురు. కృష్ణప్రియ నేలమీద కూర్చుని మడతబోర్డులకి పాత ఫోటోలు అతికిస్తోంది. డెబ్భై ఒకటి పాకిస్తాన్ యుద్ధం నాటి ఉక్కు ఊరు భిలాయి గురించి బడిబడికీ తిప్పే ప్రదర్శన అది. అంతా ఒక్క వ్యాన్లో పట్టాలి. మర్నాడు ఖుర్సీపార్ బడిలో మొదలు.

అన్నిటికన్నా ఆమె ముచ్చటపడి చేయించింది చీకటి గది. నాలుగు ప్లైవుడ్ పలకలు, పైన నల్లగుడ్డ. పిల్లలు లోపల నిలబడితే సైరన్ మోగుతుంది. విమానాలొచ్చి బాంబులేస్తాయన్న భయంతో ఊరంతా దీపాలార్పుకుని ఎలా కూర్చునేదో తెలుస్తుంది.

ఆ గదిలో పెట్టడానికి నూకరత్నం మామ్మ ఒక లాంతరు తెచ్చింది. ఎనభై దాటిన మనిషి. ఆవిడ భర్త, కాలం చేసిన సూర్యారావు, ఆ రోజుల్లో ఈల ఊదుకుంటూ వీధివీధీ దీపాలార్పించిన వాలంటీరు.

"ఇది మీదేనా మామ్మా?"

"కాదమ్మా. మా పక్క కోటర్సు కోటమ్మది. దాని పసిబిడ్డకి జొరమొచ్చి లాంతరు ఎలిగించుకుంటే, మాయన గుమ్మంలో నిలబడి ఆర్పించేసాడు. నాను సెప్పేదాకా ఎలిగించొద్దన్నాడు. మరి సెప్పడం మర్సిపోయాడు." మామ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తెల్లారి సూస్తే పిల్ల సల్లబడిపోయుంది. ఎప్పుడు పోయిందో ఒళ్ళో పెట్టుకున్న తల్లికే తెల్దు. ఆ తరవాత కోటమ్మ దీపం ముట్టనేదు. సీకట్లోనే పోయింది."

కృష్ణప్రియ చేతిలో ఫోటో పక్కన పెట్టేసింది. బోర్డు మీదకి మంచి మాటలు దొరికాయని కూడా అనిపించి, తనమీద తనకే సిగ్గేసింది.

లాంతరు గదిలో వేలాడదీసి బయటికొచ్చి సైరన్ పెట్టి చూసింది. అది మూలుగుతూ లేచి, మూలుగుతూ ఆగింది.

తర్వాత కిరసనాయిలు వాసన. లాంతర్లో చుక్క నూనె లేదు...

"బావూ..."

మామ్మ వైపు చూసింది. మామ్మ పెదాలు కదల్లేదు.

"ఇప్పుడు ఎలిగించొచ్చా బావూ?"

గది లోపల్నుంచి. సన్నగా, అడిగీ అడిగీ అలిసిపోయిన గొంతు.

"మామ్మా... చలో, పోదాం..."

మామ్మ కదల్లేదు. "ఆయన సెప్పనేదు. నానైనా సెప్పాలి గదా" అని గొణిగి, గది వైపు తిరిగింది. "ఎలిగించుకోయే కోటమ్మా."

పలకల సందుల్లోంచి పసుపుపచ్చ వెలుగు నెమ్మదిగా పాకింది. లోపల పసిబిడ్డ దగ్గు. ఆ వెనకే ఒక నిట్టూర్పు. కృష్ణప్రియకి భయం పోయి, దాదాపు ఏడుపొచ్చింది.

అప్పుడు వరండాలో ఈల వినిపించింది. తడి బూట్ల చప్పుడు.

"ఎవులే ఎలిగించమన్నాది?"

మామ్మ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. "మాయన గొంతే..."

హాల్లో లైట్లు పోయాయి. గదిలో వెలుగు కూడా పోయింది. ఆరినట్టు కాదు. ఎవరో చేత పట్టుకుని పరుగెత్తినట్టు.

కృష్ణప్రియ చేయి విడిపించుకుని బయటికొచ్చింది. ఎవరూ లేరు. ఎదురు వరస కోటర్సుల్లో లైట్లు ఆరిపోయాయి. ఈల. ఆ వెనక వరస. మళ్ళీ ఈల, ఇంకాస్త దూరంగా. ఖుర్సీపార్ వైపు.

ఖుర్సీపార్‌లో ఆమె ఇల్లు. మొగుడు షిఫ్టుకెళ్ళాడు. తొమ్మిదేళ్ళ కూతురు బిందు ఒక్కత్తే ఉంది.

ఫోను మోగింది.

"మమ్మీ..." బిందు గుసగుసలాడుతోంది. "బయట ఎవరో తాతయ్య. బత్తీ బంద్ కరో అంటున్నాడు."

"తలుపు తియ్యకు బిందూ! వచ్చేస్తున్నా!"

"నేను తియ్యలేదు. గడియ పెట్టే ఉంది... మరి ఆంటీ ఎలా వచ్చింది?"

"ఏ ఆంటీ?"

"పాపని ఎత్తుకుని నా మంచం మీద కూర్చుంది. బత్తీ ఆర్పొద్దంటోంది." పిల్ల గొంతు ఇంకా తగ్గింది. "మమ్మీ... ఎవరి మాట వినాలి?"