కత్తిరించిన నిశ్శబ్దం

లిఫ్ట్ తలుపులు తెరుచుకునేసరికి లోపల మనిషి నిలబడే చచ్చిపోయి ఉన్నాడు.

వీపు అద్దానికి ఆని ఉంది. టై చెక్కుచెదరలేదు. చేతిలో బ్రీఫ్‌కేస్ అలాగే ఉంది, కాకపోతే ఖాళీ. లోపలికొచ్చిన ఇద్దరు ఆడవాళ్లు అతని పక్కనే నిలబడి కబుర్లు చెప్పుకుంటూ పై అంతస్తు దాకా వెళ్లారు కూడా. మెడ మీద సూది గాటు చూశాక మొదలయ్యాయి కేకలు.

చచ్చినవాడిని డిపార్ట్‌మెంట్‌లో పొడుగు అనేవాళ్లు. చంపినవాళ్లు బ్రీఫ్‌కేస్ ఊడ్చేశారు గానీ, సాక్సు విప్పి చూసే తీరిక వాళ్లకి లేకపోయింది. అందులో బొటనవేలంత రికార్డర్ ఒకటి దొరికింది.

"కూర్చో," అన్నాడు చీఫ్, ఆ రికార్డర్ బల్ల మీద పెట్టి.

"పర్లేదు సార్, నిలబడతాను."

"కూర్చోమన్నాను. నువ్వలా తిరుగుతుంటే నాకు తల తిరుగుతోంది."

కూర్చున్నాడు గానీ కాలు ఊపడం మాత్రం ఆపలేదు. ఈ ఏజెంట్‌కి డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు నిదానం. వేళాకోళానికి పెట్టారని వేరే చెప్పక్కర్లేదు. టీ వేడి తగ్గేదాకా ఆగలేడు, సిగ్నల్ దగ్గర ఆగలేడు, భార్య మాట పూర్తయ్యేదాకా అసలే ఆగలేడు. పొడుగు అతని జతగాడు. ఎన్నో మిషన్లు కలిసి చేశారు. ఆ రోజు పొద్దున్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడంటే కారణం అలవాటొక్కటే కాదు.

చీఫ్ బటన్ నొక్కాడు. పియానో. చిన్న ముక్కే గానీ ఒకటే పరుగు. స్వరాలు ఒకదాని మీదొకటి పడిపోతున్నాయి. అది ఆగాక ఒక ముసలి గొంతు వినిపించింది.

"ఇది నా భార్య కట్టింది. ఎక్కడా అచ్చు కాలేదు. ఆమె పోయింది, ఇప్పుడు నా ఒక్కడికే తెలుసు. శనివారం సాయంత్రం స్టేషన్ ఎదురుగా ఉన్న హోటల్ లాబీకి వస్తాను. అక్కడి పియానో మీద ఎవరు దీన్ని సరిగ్గా వాయిస్తే వాళ్ల వెంట వస్తాను. వేషంలో ఉంటాను, నాకోసం వెతక్కండి. కార్డులు, ఫొటోలు, కోడ్ మాటలు ఎవరైనా దొంగిలిస్తారు. నాకు ఇంక మనుషుల్ని నమ్మే ఓపిక లేదు."

"ఎవరు సార్?"

"ఇంజినీర్. దేశం మొత్తం పవర్ గ్రిడ్‌ని ఆపే కోడ్ ఆయన బుర్రలో ఉంది. విదేశీ ముఠా ఒకటి వెంట పడింది. చిక్కితే కోడ్ లాగేస్తారు, ఆ తర్వాత మనిషిని ఉంచరు. మన దగ్గరికి రావడానికి పొడుగుతో మాట్లాడుకున్నాడు."

"మరి నేనెందుకు?"

"డిపార్ట్‌మెంట్‌లో పియానో ముట్టుకున్నవాడివి నువ్వొక్కడివే."

"కీబోర్డు సార్. అదీ కుర్రతనంలో, పార్టీల్లో."

"మెట్లు అవే కదా?"

"అవే, కానీ..."

"కానీలు తర్వాత. ఒక్క కాపీ తీసి ఇస్తాం. రికార్డర్ నా సేఫ్‌లో ఉంటుంది. కాపీ ఉన్న గది తాళాలు ఇద్దరి దగ్గరే ఉంటాయి. నువ్వు, మెరుపు. అంతే."

మెరుపు సౌండ్ ల్యాబ్ హెడ్. ఆమె కారిడార్‌లో నడిచి వెళ్తే అటూ ఇటూ ఉన్న గదుల్లో టైపింగ్ చప్పుడు ఆగిపోతుంది. నల్ల గ్లవ్స్, పొట్టి జుట్టు, చెవి దగ్గర చెప్పినట్టుండే మాట. ఆమె పక్కన కూర్చుంటే నిదానం కాలు ఇంకా వేగంగా ఊగేది.

"ఇంత స్పీడులో చెవికి ఏం అందుతుంది చెప్పండి?" అందామె కంప్యూటర్ ముందు కుర్చీ లాక్కుని. స్క్రీన్ నిండా పాట గరుకు గీతలా పరుచుకుంది. "ఈ సాఫ్ట్‌వేర్ పాటని సాగదీస్తుంది. శ్రుతి దిగదు, వేగమే తగ్గుతుంది. ఇక్కడ మొదలు, ఇక్కడ చివర అని గుర్తులు పెడితే ఆ ముక్కే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. విన్నది రాసుకోండి. చేతికొచ్చాక వేగం కొంచెం కొంచెం పెంచండి. తొందరపడకండి."

"నేనా? తొందరా?"

ఆమె నవ్వింది. ఆ నవ్వు గదిలో చాలాసేపు ఉండిపోయింది.

సగం వేగంలో చిక్కుముడి కాస్త వదులైంది. పావు వేగంలో పెట్టేసరికి అతను నోరెళ్లబెట్టాడు. ఒక్క స్వరం వణుకుతోందనుకున్న చోట అయిదు స్వరాలున్నాయి! ఎడమ చెయ్యి కుడి చేతిని దాటుకుని పైకి వెళ్లి ఒక్క మెట్టు తాకి వస్తోంది. కింది స్వరాల బేస్ తగ్గించి విన్నాడు, ఒక చెవిలోనే విన్నాడు, రాశాడు, కొట్టేశాడు, మళ్లీ రాశాడు. బతికున్న రోజుల్లో ఆ మహాతల్లి వేళ్లు ఎలా తిరిగేవో ఏమో!

అంతా బాగానే ఉంది, ఒక్క చోట తప్ప. పాట మధ్యలో పియానో ఆగుతుంది. మామూలు వేగంలో అది ఊపిరి తీసుకునేంత ఖాళీ. పావు వేగంలో అదే నాలుగింతలైంది. లూప్ తిరిగిన ప్రతిసారీ స్క్రీన్ మీద గీత ఆ చదునైన చోట పాక్కుంటూ వెళ్లేది. ఇతను బల్ల మీద వేళ్లతో దరువేస్తూ, పళ్లు నూరుతూ కాచుకోవాలి. పొడుగు శవం మార్చురీలో ఉంది, శనివారం ముంచుకొస్తోంది, ఇక్కడ చూస్తే కూర్చుని ఖాళీని వినాలట! ఒళ్లు మండిపోయింది. ఆ చదును ముక్కని సెలెక్ట్ చేశాడు, తీసి పారేశాడు, రెండు కొసలూ కలిపాడు, సేవ్ కూడా చేశాడు. ఖాళీయే కదా, పోయిందేముంది అనుకున్నాడు.

అప్పట్నుంచీ పని చకచకా సాగింది. శనివారానికి పాట చేతికొచ్చింది, కానీ పూర్తి వేగం రాలేదు. ఆఖరి పరుగులో వేళ్లు ఇంకా తడబడుతున్నాయి.

బయల్దేరే ముందు గ్యాడ్జెట్ సెక్షన్‌లో పనిచేసే బావమరిది అతని పై పెదవికి మీసం అతికించాడు.

"ఇందులో మైక్ ఉంది బావా. దురదేసినా గోకకు."

"దురదేస్తోందిరా."

"ఇంకా అతికించనే లేదు!" అని, తలుపు వేసొచ్చి గొంతు తగ్గించాడు. "ఎడమ కాలి బూటు ఇలా ఇవ్వు, ఈ బిళ్ల అందులో పెట్టాలి. ఇది ఆఫీసు ఐటమ్ కాదు. చీఫ్‌కి కూడా తెలీదు. అక్క గొడవపెడితే చేశాను."

"ఏంటిది?"

"నువ్వు కూర్చుంటే కాలు ఊపుతూనే ఉంటావు కదా. ఊగినంతసేపూ నువ్వు బాగున్నట్టు లెక్క. ఊగడం ఆగితే నా దగ్గర బెల్ మోగుతుంది. నువ్వు కాలు ఊపట్లేదంటే చచ్చయినా ఉండాలి, చావబోతూ అయినా ఉండాలి."

"మీ అక్కకి నా మీద ఎంత నమ్మకంరా!"

లాబీ మధ్యలో నీళ్లు చిమ్మే తొట్టి, దాని పక్కనే నల్ల పియానో. హోటల్ పియానిస్టు టీ తాగడానికి వెళ్లినప్పుడు అతిథులెవరైనా వాయించుకోవచ్చు. నిదానం, మెరుపు భార్యాభర్తల వేషంలో సోఫాలో కూర్చున్నారు. ఆకుపచ్చ పట్టు గౌను, చేతిలో ముత్యాల పర్సు. లాబీలో సగం కళ్లు ఆమె మీదే ఉన్నాయి. నిదానం కళ్లు మాత్రం ముసలివాళ్ల మీద ఉన్నాయి. పేపర్ చదివే ఆయనా? కర్ర పట్టుకున్న గడ్డం ఆయనా? వీల్‌చెయిర్ ఆయనా? ఎవరిని చూసినా వాళ్లే అనిపిస్తోంది.

పియానిస్టు లేచాడు. నిదానం కూడా లేవబోయాడు. మెరుపు చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండండీ, మీ మీసం ఒంకరైంది," అని ముద్దుగా సవరించింది. సవరించిన చెయ్యి వెనక్కి వెళ్లేసరికి మీసం కాస్తా గోళ్ల మధ్య ఉంది. దాన్ని కాఫీ కప్పులో ముంచేసింది.

అతనికి అర్థమయ్యేలోపు బూడిదరంగు సూట్ వాడొకడు పియానో ముందు కూర్చుని వాయించడం మొదలుపెట్టాడు. అదే పాట! అదే పరుగు, చెయ్యి దాటడం, అయిదు స్వరాల వణుకు. పూర్తి వేగంలో, నిదానం కంటే నున్నగా వాయిస్తున్నాడు. మధ్యకొచ్చాడు. ఆగలేదు. అంచు మీంచి అంచుకి దూకి ముందుకెళ్లిపోయాడు.

నిదానం లెక్క వేసుకున్నాడు. రికార్డర్‌లో ఖాళీ ఉంది. అది చీఫ్ సేఫ్‌లో ఉంది. ఖాళీ లేని పాట లోకంలో ఒక్క చోటే ఉంది, తను కత్తిరించి సేవ్ చేసిన ఫైలులో. ఆ గది తాళం ఇంకొకరి దగ్గరే ఉంది.

పక్కకి తిరిగాడు. ముత్యాల పర్సు అతని డొక్కలో గుచ్చుకుంది. లోపల పిస్టల్ గొట్టం గట్టిగా తగిలింది.

"కదలకు," అంది మెరుపు. మీరు కాస్తా నువ్వైపోయింది. తర్వాత తన ముత్యాల దుద్దు దగ్గర చెయ్యి పెట్టి తియ్యగా అంది, "చీఫ్, ఆయన వాయించేశారు. మనిషి వస్తున్నాడు. వ్యాన్‌ని వెనక గేటుకి పంపండి."

"పొడుగుని నువ్వే..."

"నిలబెట్టింది కూడా నేనే. పొడుగ్గా ఉన్నాడుగా, బాగా ఆనాడు."

పాట వింటూ గడ్డం ఆయన కర్ర పట్టుకుని లేచాడు. మధ్యలో ఆయన ముఖం పాలిపోయింది. మళ్లీ కూర్చోబోయాడు, కానీ లేవడమే చాలైంది. సూట్ వాడు వాయించడం ఆపి నేరుగా వెళ్లి ఆయన జబ్బ పట్టుకున్నాడు. "పదండి సార్, కారు సిద్ధం." ఇద్దరూ ముందు గుమ్మంలోని గుండ్రంగా తిరిగే గాజు తలుపు వైపు నడిచారు. ఆమె దుద్దు మైక్‌లో పడేలా ఏదైనా కోడ్ మాట అందామంటే అవన్నీ మెరుపుకి తెలుసు. వ్యాన్ వెనక గేటుకి పోయింది. ముసలాయన అడుగులో అడుగేసుకుంటూ చావు దగ్గరికి వెళ్తున్నాడు. నా మూలంగానే, అనుకున్నాడు నిదానం.

లేచాడు.

"కాల్చేస్తాను."

"ఇంతమంది ముందా? గౌను పాడవుతుంది," అని వెళ్లి పియానో ముందు కూర్చున్నాడు. ఆమె వెనకాలే వచ్చి, మొగుడి పాట వినడానికి వచ్చిన పెళ్లాంలా అతని భుజం మీదకి వంగి, పర్సు వెన్నుకి ఆనించింది. "ఒక్క స్వరం తప్పు వాయించు. బతికిపోతావు."

అతను వాయించాడు. పూర్తి వేగంలో రాదు కాబట్టి తనకొచ్చిన వేగంలోనే వాయించాడు. పరుగు, దాటడం, వణుకు. మధ్యకొచ్చాడు.

రెండు చేతులూ ఎత్తేశాడు.

లాబీలో తొట్టి నీళ్ల చప్పుడు ఒక్కటే మిగిలింది. వేళ్లు గాల్లో ఉన్నాయి. తర్వాతి స్వరం వేళ్ల కొసల్లో కొట్టుకుంటోంది. వాయించెయ్, వాయించెయ్ అని ఒళ్లంతా మొత్తుకుంటోంది. పుట్టి బుద్ధెరిగాక అంత కష్టమైన పని అతనెప్పుడూ చెయ్యలేదు. ఆగాడు. ముసలాయన ఎక్కడున్నాడో చూద్దామని తల తిప్పి గుమ్మం వైపు చూశాడు. కింద ఎడమ కాలు కూడా ఆగిపోయిందని అతనికి తెలియలేదు.

గాజు తలుపులో ముసలాయన ఆగిపోయాడు. వెనక్కి తిరిగి, తనవైపే చూస్తున్న నిదానాన్ని చూశాడు.

మొదటి రోజు పూర్తి వేగంలో విన్నప్పుడు ఆ ఊపిరంత ఖాళీ మెరుపు చెవికి ఆనలేదు, ఆ తర్వాత ఆమె విన్నదంతా కత్తిరించిన ఫైలే. ఖాళీ ఉంటుందని ఆమెకి తెలియదు. "మర్చిపోయావా?" అని విసుక్కుంది. ఆమె ఎడమ చెయ్యి ఆగలేక, తర్వాతి స్వరం తనే నొక్కడానికి ముందుకొచ్చింది.

నిదానం పియానో మూత ధడాలున వేశాడు.

కేక, తుపాకీ మోత ఒక్కసారే వినిపించాయి. నొప్పికి ఎగిరిపడిన పర్సులోంచి వచ్చిన గుండు అతని చెవి పక్కనుంచి పోయి తొట్టిలో పడింది. అదే క్షణంలో ముసలాయన ఒక్క ఉదుటున లాబీలోకి వచ్చేసి, తిరిగే తలుపు సందులో కర్ర అడ్డం పెట్టాడు. సూట్ వాడు గాజుల మధ్య ఇరుక్కుని పిడికిళ్లతో బాదుకుంటున్నాడు. వెనక గేటు వైపున్న వంటగది తలుపు బద్దలుకొట్టుకుని, ఒంటినిండా పిండితో బావమరిది, అతని వెనక టీమ్ అంతా ఊడిపడ్డారు.

"బెల్ మోగింది బావా! ఉన్నావా?"

"ఉన్నానురా," అన్నాడు నిదానం. మళ్లీ కాలు ఊపుకుంటున్నాడు.

సేఫ్ హౌస్‌లో ఒక పాత పియానో ఉంది. చీఫ్ రిపోర్టు కోసం పక్క గదిలో కాచుకుని ఉన్నాడు. ఫైలు కత్తిరించినందుకు మెమో ఇవ్వాలో, దానివల్ల దొంగ దొరికినందుకు మెడల్ ఇవ్వాలో ఆయన ఇంకా తేల్చుకోలేదు. ఇంజినీర్ గడ్డం ఊడదీసి పియానో ముందు కూర్చున్నాడు.

"ఆ ఖాళీలో ఏముంటుందండీ?" అని అడిగాడు నిదానం.

"అక్కడ చేతులెత్తి నా వైపు చూసేది. వింటున్నానా, కునుకు తీశానా అని. నేను కళ్లు తెరిచి ఉంటేనే మిగతాది. నువ్వు కూడా చూశావు కదయ్యా."

మీకోసం వెతుకుతున్నానని చెప్పడానికి నిదానానికి నోరు రాలేదు.

ముసలాయన వాయించాడు. ఒక్క స్వరం తప్పలేదు. మధ్యకొచ్చి చేతులెత్తి, పక్కన ఎవరూ లేని కుర్చీ వైపు చూశాడు. నిదానం ఊపిరి బిగబట్టాడు. అతనిలో ఏ భాగమూ కదల్లేదు.

తలుపు విరిగి లోపలికి పడింది. తుపాకులతో టీమ్, ముందు బావమరిది, అందరి వెనక చీఫ్.

ముసలాయన చేతులు దించలేదు.

"ఇంకా అయిపోలేదు నాయనా," అన్నాడు. "కూర్చోండి."