ఏడో ట్రాకులో స్నేర్

పరుగు!

మూడో అంతస్తు... నాలుగో అంతస్తు... లిఫ్ట్ చెడిపోయి వారమైంది. మిట్టమధ్యాహ్నం మెట్ల మీద పురుగు కూడా లేదు.

కింద బూట్ల చప్పుడు. హెల్మెట్ వాడు!

ఇంకో రెండు మలుపులెక్కాడంటే అంతే సంగతులు. ఆమె గుప్పిట్లో రికార్డర్. అందులో గోరంత మెమరీ కార్డు. అది పోతే అన్నయ్య పోయినట్టే. రేపే తీర్పు!

ఆమె చేసేది డ్రమ్ అండ్ బేస్ సంగీతం. నిమిషానికి నూట డెబ్బై నాలుగు బీట్లు. డ్రమ్ములు ఎక్కడా కొనదు. వీధుల్లో తిరిగి చప్పుళ్లు ఏరుకొస్తుంది. బస్సు బ్రేకు, కుట్టుమిషను, బల్ల మీద గరిటె... అన్నీ కోసి, అతికించి, దరువు కడుతుంది. ఆల్బమ్ వచ్చి నాలుగు రోజులు. ఏడో ట్రాకులో స్నేర్ డ్రమ్ముకి బదులు వాడిన దెబ్బకి కుర్రకారు వెర్రెత్తిపోతున్నారు.

ఆ దెబ్బ ఒక గోడౌన్ వెనక సందులో దొరికింది. షట్టర్ పడిందనుకుంది. పిచ్చిమొహం!

నిన్న స్పీడు తగ్గించి మళ్లీ వింది.

షట్టర్ కాదు... తుపాకీ!

ఆ రోజే ఆ గోడౌన్‌లో క్యాసెట్ల కంపెనీ ఓనర్ని కాల్చేశారు. పదింటికి డ్యూటీకెళ్లి శవాన్ని చూసిన డ్రైవరే ఆమె అన్నయ్య. అప్పుడే కాల్చాడని పోలీసులు అతన్నే లోపలేశారు. కానీ రికార్డర్లో టైము ఎనిమిది నలభై. అప్పటికి అన్నయ్య ఊరవతల పెట్రోల్ బంకు కెమెరాలో నవ్వుతూ ఉన్నాడు!

ఈ సంగతి రాత్రి ఒక్కరికే ఫోన్లో చెప్పింది. పొద్దున్నకల్లా ఇంట్లో ల్యాప్‌టాప్ మాయం.

ఐదో అంతస్తు. రికార్డింగ్ స్టూడియో తలుపు దబదబా బాదింది.

మాస్టారు తీశారు. ఆల్బమ్‌కి చివరి మెరుగులు దిద్దింది ఆయనే. ఆ ఫోన్ చేసిందీ ఆయనకే.

"ఏంటమ్మా ఆ రొప్పు?"

"తలుపెయ్యండి మాస్టారూ! వాడొస్తున్నాడు!"

ఒక గడియ వేశారు. రెండో గడియ కూడా.

"ఇక భయం లేదు. ఇక్కడ పిడుగు పడ్డా బయటికి వినపడదు."

ఆమె కార్డు కంప్యూటర్లో పెట్టింది. టకటకా నాలుగు మీటలు. ప్లే!

చప్... ఒక చప్పట. కాస్త ఆగి... చప్! ఇంకోటి.

ఓనర్ గొంతు. "మళ్లీ నువ్వా?"

ఢాం!

మాస్టారు చెమట తుడుచుకున్నారు. కార్డు తీసి జేబులో వేసుకున్నారు.

"పోలీసుల్ని పిలుస్తాను. అందాకా లోపలి గదిలో కూర్చుందువు గాని, రా."

అద్దం వెనక రికార్డింగ్ గది. లోపల అడుగు పెట్టగానే ఆయన చప్పట కొట్టారు. గది ఎలా మోగుతుందో చూసుకునే అలవాటు. ఏ గదికెళ్లినా అంతే.

చప్... కాస్త ఆగి... చప్!

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆ ఆగడం! వెయ్యో వంతు సెకను తేడా పట్టే చెవులు ఆమెవి. రికార్డులో చప్పట్ల మధ్య విన్నదీ అదే ఆగడం!

"మాస్టారూ... మీరా!"

"ఆ స్నేర్ మార్చమ్మా అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. విన్నావా?" ఆయన చేతిలో తుపాకీ. "వెనకాల తరిమింది మా బావమరిది. కార్డు లాక్కురారా అంటే వెధవకి అదీ చేతకాలేదు."

"ఎందుకు చంపారు?"

"నా ముప్పై ఏళ్ల టేపులు తగలబెట్టాడమ్మా! చలి కాచుకున్నట్టు..."

"మరి మా అన్నయ్య ఏం చేశాడు?"

ఆయన జేబు తడిమి చూసుకున్నారు. కార్డు ఉంది.

ఆమె అద్దంలోంచి అవతలికి చూసింది.

"మీరే నేర్పారుగా మాస్టారూ... ముందు కాపీ, తర్వాతే వినడం."

ఆయన గిర్రున తిరిగారు. కంప్యూటర్ తెర మీద పచ్చగీత పాకుతోంది. అన్నయ్య లాయరు మెయిల్‌కి! తొంభై నాలుగు శాతం...

తలుపు వైపు ఒక్క గెంతు. ఆమె ఆయన కాలు రెండు చేతులతో వాటేసుకుంది.

"వదులు!"

తొంభై ఏడు...

"వదలను!"

తొంభై తొమ్మిది...

ఢాం!

అదే స్నేర్. దగ్గర్నుంచి చాలా పెద్దది. చేతులు వాటంతటవే వదిలేశాయి.

అద్దం అవతల తెర మీద ఒకే మాట... 'అందింది'.

రేపు అన్నయ్య ఇంటికొస్తాడు.

ఇంటి తాళంచెవి ఆమె జేబులోనే ఉండిపోయింది.